మాస్టారి జవాబులు: పాత నిబంధన మనది కాదా?

ప్రశ్న: మాస్టారూ, వందనాలు. మాది రాజాం దగ్గర పల్లె. ఈ వేసవిలో మా యౌవనుల కూటానికి బయట నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు "పాత నిబంధన యూదుల పుస్తకం, మనకు కొత్త నిబంధన చాలు" అని చెప్పి వెళ్లారు. ఆ రోజు నుంచి మా అబ్బాయి పెద్ద బైబిలు ముట్టడం లేదు. జేబులో పట్టే కొత్త నిబంధన ఒక్కటే పట్టుకెళ్తున్నాడు. మా ఆడపడుచు వాళ్ల సంఘంలో దీనికి పూర్తిగా ఎదురు. యూదుల్లాగే శనివారం సబ్బాతు అనే విశ్రాంతి దినం ఆచరించాలి, పస్కా పండుగ చెయ్యాలి, లేకపోతే మెస్సీయ అయిన క్రీస్తులో మనకు భాగం లేదంటున్నారట. పిల్లాడికి ఏం చెప్పమంటారు?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే మా నాన్న అంటుకత్తి గుర్తొచ్చింది. విజయనగరం దగ్గర మాకు చిన్న మామిడి నర్సరీ ఉండేది. నాన్న ముందు నాటు మామిడి టెంకలు పాతేవాడు. మొక్క పెన్సిలంత లావయ్యాక తల కోసేసి, కాండాన్ని మధ్యకు నిలువునా చీల్చేవాడు. సువర్ణరేఖ చెట్టు నుంచి తెచ్చిన పుల్ల మొనను రెండు వైపులా చెక్కి ఆ చీలికలోకి దించేవాడు. పచ్చికి పచ్చి తగలాలి, బెరడుకు బెరడు కలవాలి. పైన ప్లాస్టిక్ రిబ్బను బిగించి నీడలో పెట్టేవాడు. కొన్ని వారాలకు పుల్ల కొనలో రాగి రంగు చిగురు కనబడితే అతికినట్టు. "ఏరు నాటుది, కాయ సువర్ణరేఖ. నాటు ఏరుకి మొండితనం ఎక్కువరా, ఎండకి తట్టుకుంటాది" అనేవాడు.

రోమా పత్రిక 11వ అధ్యాయంలో పౌలు చెప్పిన అంటు దీనికి తిరగేసి ఉంటుంది. మంచి ఒలీవ చెట్టుకు అడవి ఒలీవ కొమ్మను కట్టారంటాడు. ఒక రోజు నాన్నకు ఆ అధ్యాయం చదివి వినిపించాను. చేతిలో పని ఆపి, "అడవి పుల్ల ఎవుడు కడతాడురా? దాని కాయ ఎవుడికి కావాల?" అన్నాడు. 24వ వచనంలో పౌలే అది "స్వభావవిరుద్ధముగా" జరిగిందన్నాడని చూపించాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మనల్ని కట్టింది మన కాయ సూసి కాదన్నమాట" అన్నాడు. వేదాంతం చదివినవాళ్ల దగ్గర కూడా నేను ఈ అధ్యాయానికి ఇంతకంటే మంచి మాట వినలేదు.

ఆ అడవి కొమ్మలం మనమే అమ్మా, యూదులం కాని అన్యజనులం. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు దేవుడిచ్చిన మాటే ఆ ఒలీవ చెట్టు వేరు. "నీయందు భూమి మీది సమస్త వంశాలూ ఆశీర్వదించబడతాయి" అని ఆదికాండం 12లోనే ఉంది. మన ప్రస్తావన అక్కడే మొదలైంది. వేరు నిన్ను మోస్తోంది గానీ నువ్వు వేరును మొయ్యడం లేదు అని పౌలు రోమాలోని అన్యజన విశ్వాసులకు రాశాడు. మీ అబ్బాయికి ముందు ఈ ఒక్క మాట చదివి వినిపించండి.

పాత నిబంధన మనకెందుకన్న ప్రశ్న కొత్తది కాదు. క్రీ.శ. 144 ప్రాంతంలో రోమా నగరంలో మార్షియోను అనే ఆయన ఇదే బోధించాడు. పాత నిబంధనను పక్కన పెట్టాక ఆయన అక్కడితో ఆగలేకపోయాడు. నాలుగు సువార్తల్లో లూకా ఒక్కటే, అదీ కత్తిరించుకుని, పౌలు పత్రికల్లో పది మాత్రమే మిగుల్చుకున్నాడు. ఎందుకంటే కొత్త నిబంధనలో ఏ పేజీ తిప్పినా మోషే కనబడతాడు, ప్రవక్తలు కనబడతారు, కీర్తనలు వినబడతాయి. సంఘం ఆయన బోధను ఒప్పుకోలేదు, మనమూ ఒప్పుకోనక్కర్లేదు.

మన తీరంలోనే జరిగిన సంగతి ఒకటి చెప్తాను. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చి తెలుగులోకి బైబిలు అనువాదం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే తెలుగు పండితుడు తోడ్పడ్డాడు. 1812లో శ్రీరాంపూర్‌లో ఆ సువార్తలు, మత్తయి, మార్కు, లూకా, అచ్చయ్యేనాటికి ఇద్దరు మిషనరీలూ కన్నుమూశారు. ఆ పుస్తకం చేతికందిన మన పూర్వీకులెవరైనా మత్తయి తెరిస్తే మొట్టమొదటి వాక్యంలోనే ఇద్దరు తెలియని మనుషులు ఎదురయ్యుంటారు: అబ్రాహాము, దావీదు. వాళ్లెవరో తెలియకుండా యేసు ఎవరో ఎలా తెలుస్తుంది? ఇంకాస్త కిందికి వస్తే ఆ వంశావళిలో రూతు పేరు ఉంది. మోయాబు పడుచు, పరాయి జాతి పిల్ల. అత్తగారి వెంట బేత్లెహేము వచ్చి పొలంలో పరిగె ఏరుకున్న మనిషి. రాజు దావీదుకు ముత్తవ్వ అయింది. మన చోటు ఆ జాబితాలో ముందే రాసి ఉందని రూతు పేరు చూసినప్పుడల్లా నాకనిపిస్తుంది.

యేసు చదివిన లేఖనాలు ఇవే. నజరేతు సమాజమందిరంలో ఆయన చేతికిచ్చింది యెషయా గ్రంథం. లూకా 24:44లో "మోషే ధర్మశాస్త్రములోను ప్రవక్తల గ్రంథములలోను కీర్తనలలోను" అంటాడు. యూదులు తమ లేఖనాలను ఈనాటికీ తోరా, ప్రవక్తలు, రచనలు అని మూడు భాగాలుగానే చెప్పుకుంటారు. ఆ రచనల్లో మొదటిది కీర్తనలు. వాళ్ల లెక్కలో 24 గ్రంథాలు, మన లెక్కలో 39. ఉన్నవి అవే, విడదీసిన తీరూ వరసా వేరు. తిమోతికి తల్లి యునీకే, అవ్వ లోయి చిన్నప్పుడే నేర్పిన పరిశుద్ధ లేఖనాలూ ఇవే. అప్పటికి కొత్త నిబంధన అనే పుస్తకమే లేదు. ఇక మన ఇళ్లలో సంగతి. మా నాయనమ్మకు అక్షరం రాదు, కానీ "యెహోవా నా కాపరి" కీర్తన మొత్తం వచ్చు. ఆమె సమాధి దగ్గర అదే చదివాం. అది యూదుల పుస్తకం, మనకొద్దు అంటే ఆ రోజు మేము ఏం చదవాలి?

ఒక తప్పు ఒప్పుకోవాలి. ఉద్యోగం కొత్తలో నేను సండే స్కూల్ పిల్లలతో గుడ్ ఫ్రైడే నాటకం వేయించాను. యూదుల వేషం వేసినవాళ్లకు నల్ల బట్టలు కట్టి, మొహాలకు మసి రాశాను. యేసుకూ శిష్యులకూ తెల్లబట్టలు. నాటకమయ్యాక యూదుడి వేషం వేసిన పిల్లాణ్ని మిగతావాళ్లు వారం రోజులు "నువ్వే చంపావు" అని ఏడిపించారు. వాడు బడికి రావడం మానేశాడు. వాళ్ల ఇంటికి వెళ్లాను. గుమ్మంలో మసి సరిగా వదలని చెవులతో వాడు నన్ను చూసి, "మాస్టారూ, యేసుప్రభువు ఎవరు?" అన్నాడు. "యూదుడేరా" అన్నాను. "మరి ఆయనకెందుకు మసి రాయలేదు?" అన్నాడు. మరియ, పేతురు, యోహాను, పౌలు, అందరూ యూదులే. "రక్షణ యూదులలోనుండియే కలుగుచున్నది" అని సమరయ స్త్రీతో చెప్పింది యేసే. నేను నేర్పిన ద్వేషం సువార్తలో లేదు. ఆ ఒలీవ చెట్టు సొంత కొమ్మలైన యూదుల మీద అతిశయించవద్దని పౌలు అన్నది నాలాంటివాడి కోసమే.

ఇక మీ ఆడపడుచు సంగతి. అన్యజనులు సున్నతి చేయించుకోవాలా అన్న ప్రశ్న మీద సుమారు క్రీ.శ. 49లో యెరూషలేములో పెద్దలు కూర్చున్నారు. అపొస్తలుల కార్యములు 15 చూడండి. పేతురు లేచి, దేవుడు మనకూ వాళ్లకూ ఏ భేదమూ చెయ్యలేదన్నాడు. ఆ పెద్దల్లో ఒకడైన యాకోబు ఆమోసు ప్రవచనం చదివాడు: పడిపోయిన దావీదు గుడారాన్ని తిరిగి కడతాను, అన్యజనులు ప్రభువును వెదుకుతారు. అంటే అన్యజనులను అన్యజనులుగానే చేర్చుకోవాలన్న తీర్పు కూడా ఆ పాత లేఖనాల్లోంచే వచ్చింది. విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం, ఈ నాలుగింటికి దూరంగా ఉండమన్నారు. సబ్బాతు, పస్కా భారం పెట్టలేదు. యూదు తల్లికి పుట్టిన తిమోతికి పౌలు సున్నతి చేయించాడు, గ్రీకువాడైన తీతుకు చేయించలేదు. ఎవరి పుట్టుక వాళ్లది, వేరు మాత్రం ఒకటే. శనివారం ఎవరైనా ఇష్టంగా విశ్రాంతి తీసుకుంటే నేను అడ్డు చెప్పను. అది లేకపోతే మెస్సీయలో భాగం లేదంటే మాత్రం అంటు కట్టిన చేతిని తప్పుపట్టినట్టే.

మన చదువు వేరు, యూదుల చదువు వేరు అని కూడా అబ్బాయికి చెప్పండి. యెషయా 53లో మనం యేసును చూస్తాం. 11వ శతాబ్దపు రాషీ వంటి యూదు వ్యాఖ్యాతలు ఆ బాధపడే సేవకుడు ఇశ్రాయేలు జాతే అన్నారు. మెస్సీయ ఇంకా రావలసి ఉందని నమ్మే యూదులు ఈనాటికీ ఎదురుచూస్తున్నారు. నేను యేసే మెస్సీయ అని మనస్ఫూర్తిగా నమ్ముతాను. అందుకని వాళ్లను తక్కువ చెయ్యను. విరిగిన ఆ సొంత కొమ్మలను దేవుడు తిరిగి అంటుకట్టగలడని పౌలు రాశాడు. మా నాన్న లెక్కలో ఎండిన పుల్ల అతకదు. పౌలు నమ్ముకున్నది దేవుణ్ని.

అబ్బాయికి ఒక పని చెప్పండి. పెద్ద బైబిల్లో రెండు రిబ్బన్లు పెట్టమనండి, ఒకటి యెషయా 61 దగ్గర, ఇంకొకటి లూకా 4 దగ్గర. ఒకటి చదివి వెంటనే రెండోది చదవమనండి. యేసు ఏ వాక్యం మధ్యలో ఆపి పుస్తకం చుట్టేశాడో వాణ్నే కనిపెట్టనివ్వండి. కనిపెట్టాక నాకు రాయమనండి.

ప్రశ్న: మాస్టారు గారూ, నేను తొమ్మిదో తరగతి. మట్టల ఆదివారం "హోసన్నా" అంటాం కదా, అది తెలుగా? అర్థం ఏమిటి?
— ఒక విద్యార్థిని, టెక్కలి

జవాబు: తల్లీ, అది హెబ్రీ మాట. "దయచేసి రక్షించు" అని అర్థం. 118వ కీర్తన 25వ వచనంలో ఉంది. దాని తర్వాతి వచనమే, "యెహోవా పేరట వచ్చువాడు ఆశీర్వాదమొందును గాక." యూదులు పస్కాకు 113 నుంచి 118 వరకు కీర్తనలు పాడతారు. పర్ణశాలల పండుగకు చేతుల్లో ఖర్జూరపు మట్ట పట్టుకుని ఇదే మాట పలుకుతారు. యెరూషలేములో ఆ రోజు జనం కేక వేసింది తమకు చిన్నప్పటి నుంచి వచ్చిన పాట. ఈసారి నువ్వు ఈతమట్ట పట్టుకుని గుడికి బయల్దేరే ముందు ఆ రెండు వచనాలూ పైకి చదువు.