జీతం అమెరికా చేతిలో, అప్పు ఆర్‌బీఐ చేతిలో: మాంద్యం భయంతో ఫండ్లు అమ్మేయాలా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో ఉంటాం. నాకు 37 ఏళ్లు, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. మా ప్రాజెక్టు అమెరికాలోని ఒక రిటైల్ క్లయింటుది. ఈమధ్య టీంలో పన్నెండు మందిలో నలుగురిని బెంచికి (ప్రాజెక్టు లేకుండా ఖాళీగా ఉంచడం) పంపారు. చేతికొచ్చేది నెలకు 1.35 లక్షలు. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, 32 వేలు. ఇంటి అప్పు ఇంకా 46 లక్షలుంది, ఇఎంఐ 45 వేలు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్నాం. ఆర్‌బీఐ అంత తగ్గించినా మా వడ్డీ 9 నుంచి 8.75కే దిగింది. పర్సనల్ లోన్ 1.9 లక్షలు (14 శాతం, ఇఎంఐ 10,100). ఎఫ్‌డీలు 4 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 60 వేలు, మ్యూచువల్ ఫండ్లలో 14 లక్షలు, నెలకు 25 వేల సిప్ (ఫండ్లలో వాయిదాల పెట్టుబడి). ఇంటి ఖర్చు 38 వేలు, పాప ఫీజు నెలకు 9 వేలు పడుతుంది, గుంటూరులో అమ్మానాన్నలకు 8 వేలు పంపిస్తాను, టర్మ్ ప్రీమియం 4 వేలు. హెల్త్ పాలసీ కంపెనీ ఇచ్చినదే. అందులోనే అమ్మానాన్నలూ ఉన్నారు, అమ్మకు షుగరు. మాంద్యం వస్తుందంటున్నారు. ఫండ్లన్నీ అమ్మి ఇంటి అప్పులో కట్టేయనా, లేక బంగారం కొననా?

జవాబు: రెండూ వద్దు. 14 లక్షలు ఇంటి అప్పులో వేస్తే అప్పు 32 లక్షలకు దిగుతుంది, నిజమే. కానీ ఉద్యోగం పోయిన మర్నాడు ఆ డబ్బు వెనక్కి రాదు, వచ్చే నెల ఇఎంఐ మాత్రం యథాతథంగా వస్తుంది. మీకిప్పుడు కావాల్సింది అప్పు తగ్గడం కాదు, చేతిలో నగదు ఉండటం.

ముందు మాంద్యం సంగతి. మన దేశంలో 2025 జులై-సెప్టెంబర్ త్రైమాసికంలో జీడీపీ 8.2 శాతం పెరిగింది. 2020 ఏప్రిల్-జూన్‌లో 23.9 శాతం పడిపోయిందన్న తొలి అంచనాతో పోలిస్తే దీన్ని మాంద్యం అనే ప్రశ్నే లేదు. అయినా మీ టీంలో నలుగురు బెంచి మీదున్నారు. ఎందుకంటే మీ జీతం నడిచేది అమెరికా క్లయింటు బడ్జెట్ మీద. 2025లో అక్కడ దిగుమతి సుంకాలు పెరిగినప్పుడు భీమవరం రొయ్యల రైతుకు దెబ్బ నేరుగా తగిలింది. సాఫ్ట్‌వేర్ సేవల మీద ఆ సుంకం లేదు, కానీ సరుకు దిగుమతి చేసుకుని అమ్మే రిటైలర్‌కు లాభం తగ్గితే ముందు కోత పడేది కొత్త టెక్నాలజీ పనులకే. ఆర్‌బీఐ రెపో (బ్యాంకులకు తను అప్పిచ్చే వడ్డీ రేటు) ఎంత తగ్గించినా ఆ రిటైలర్ కాంట్రాక్టు పొడిగించడు. ఆర్‌బీఐ చేతిలో ఉన్నది మీ ఇఎంఐ ఒక్కటే.

అధికారికంగా ప్రకటించేదాకా ఆగుదామనుకుంటే ఆలస్యమైపోతుంది. అమెరికాలో 2007 డిసెంబర్‌లో మొదలైన మాంద్యాన్ని అక్కడి తేదీలు నిర్ణయించే కమిటీ ప్రకటించింది 2008 డిసెంబర్ 1న. ఏడాది పాటు ఉద్యోగాలు పోతూనే ఉన్నాయి, పేరు మాత్రం పెట్టలేదు. మరోవైపు ముందస్తు సంకేతాలనీ పూర్తిగా నమ్మలేం. అమెరికా ప్రభుత్వ పదేళ్ల బాండు రాబడి రెండేళ్ల బాండు కన్నా తక్కువగా ఉంటే మాంద్యం వస్తుందంటారు. 2022 జులై నుంచి రెండేళ్లకు పైగా అలాగే ఉంది, రాలేదు. నిరుద్యోగ రేటు మూడు నెలల సగటు, అంతకుముందు ఏడాదిలోని కనిష్ఠం కన్నా అర శాతం పెరిగితే ప్రమాదమన్న సూత్రం 2024 ఆగస్టులో గంట కొట్టింది. అదీ తప్పింది. కాబట్టి టీవీ చర్చలు కట్టేసి మీ ప్రాజెక్టు కాంట్రాక్టు ఎప్పటిదాకా ఉంది, బిల్లింగ్ రేటు తగ్గించమని క్లయింటు అడిగాడా, బెంచి మీద ఎన్ని రోజులు ఉండనిస్తారు, ఈ మూడూ తెలుసుకోండి. వీటి ముందు సెన్సెక్స్ ఎక్కడుందన్నది మీకు పనికొచ్చే సమాచారం కాదు.

ఇప్పుడు లెక్క. మీ జీతం ఆగినా ఆగని ఖర్చు నెలకు 1,14,100. మీ ఆవిడ జీతం పోను 82,100 లోటు. పర్సనల్ లోన్ తీర్చేస్తే లోటు 72 వేలకు దిగుతుంది. మీ అనుభవం స్థాయిలో ఇంకో ఉద్యోగానికి ఆరు నెలలు పట్టవచ్చనుకుని, దానిపైన మూడు నెలలు కలుపుతున్నాను. తొమ్మిది నెలలకు 6.5 లక్షలు కావాలి.

ఆ పర్సనల్ లోన్ ఎఫ్‌డీ విరిచి తీర్చేయండి. అలాగే నడిపిస్తే ఇంకో 21 నెలల్లో కట్టే వడ్డీ సుమారు 26 వేలు. ముందే తీర్చినందుకు 3 శాతం చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ వేసినా 6,750 దాటదు. మీ అగ్రిమెంటులో చార్జీ ఎంతుందో ఒకసారి చూసుకోండి. ఎఫ్‌డీ వడ్డీ పోయినా లాభమే. పైగా నెలకు 10,100 చేతిలో మిగులుతుంది.

ఇప్పుడు మీ దగ్గర మిగిలేది 2.7 లక్షలు, ఇంకా కావాల్సింది 3.8 లక్షలు. ఫండ్లలోంచి 1.5 లక్షలు మాత్రమే తీయండి, అదీ స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీల షేర్ల ఫండు) ఉంటే దాంట్లోంచి. తీసేటప్పుడు ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి. కొని ఏడాది దాటితే ఆర్థిక సంవత్సరంలో 1.25 లక్షల దాకా లాభం మీద పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. ఏడాది నిండనివైతే 20 శాతం పన్ను, చాలా ఫండ్లలో 1 శాతం ఎగ్జిట్ లోడ్ (త్వరగా తీసినందుకు ఫండు వేసే చార్జీ) కూడా పడతాయి. సిప్‌లో ప్రతి వాయిదాకూ ఏడాది లెక్క విడివిడిగా ఉంటుంది, చాలామంది పొరపడేది ఇక్కడే.

మిగతా 2.3 లక్షలు నెలనెలా పోగేయాలి. సిప్‌ను 10 వేలకు తగ్గిస్తే 15 వేలు, తీరిన లోన్ 10,100. ఇంకోటి: మీరు రాసిన ఖర్చులు, సిప్ కలిపితే 1,39,100. ఇంటికొచ్చేది 1.67 లక్షలు. మిగతా 27,900 ఎటు పోతోందో మీరు రాయలేదు! అందులో సగం పట్టుకోగలిగితే 14 వేలు. మూడూ కలిపి నెలకు 39 వేలు, ఆరు నెలల్లో పని పూర్తవుతుంది. సిప్ పూర్తిగా ఆపకండి. 2020 మార్చి 23న నిఫ్టీ 7,610 దగ్గర ముగిసింది, అదే ఏడాది నవంబర్‌కల్లా కొత్త గరిష్ఠానికి చేరింది. పడ్డప్పుడు ఆపినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ మొదలుపెట్టేది పెరిగాకే. ఒకవేళ ఉద్యోగం నిజంగా పోతే మాత్రం మర్నాడే ఆపేయండి, అప్పుడు తటపటాయించొద్దు.

ఈ అత్యవసర నిధిని ఒకే ఎఫ్‌డీగా వేయొద్దు. 50 వేల చొప్పున విడివిడిగా వేస్తే అవసరమైనప్పుడు ఒక్కటి విరిస్తే చాలు, జరిమానా వడ్డీ దానికే పడుతుంది. పావు శాతం ఎక్కువ వడ్డీ కోసం ఊరూపేరూ లేని చోట పెట్టకండి. బ్యాంకు మునిగితే బీమా ఉన్నది ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు 5 లక్షల దాకానే.

ఇంటి అప్పు దగ్గరికొద్దాం. రెపో 2025 ఫిబ్రవరిలో 6.50 నుంచి దిగడం మొదలై డిసెంబర్‌లో 5.25కి వచ్చింది, 1.25 శాతం తగ్గింది. మీకు దక్కింది పావు శాతం. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) ఇంటి అప్పులు రెపో లాంటి బయటి రేటుతో ముడిపడి ఉండాలి, కనీసం మూడు నెలలకోసారి మార్చాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, వాళ్ల సొంత రేటే. ముందు మీ కంపెనీకే రాతపూర్వకంగా అడగండి, కన్వర్షన్ (రేటు మార్పు) ఫీజు తీసుకుని తగ్గించే అవకాశం ఉంటుంది. లేదంటే బ్యాంకుకు మార్చుకోండి. 7.75 శాతం దొరికిందనుకుందాం. ఇఎంఐ 45 వేలే కడితే 188 నెలల అప్పు 168 నెలల్లో తీరుతుంది, 20 నెలల ఇఎంఐలు, అంటే 9 లక్షలు మిగిలినట్టు. ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్ ఫీజులు, దస్తావేజుల తాకట్టు మీద స్టాంపు డ్యూటీ ముందే కూడి చూసుకోండి. వ్యక్తుల ఫ్లోటింగ్ అప్పు ముందే తీర్చినందుకు పాత కంపెనీ చార్జీ వేయకూడదు.

మామూలు రోజుల్లో అయితే ఇఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గించుకోమంటాను. ఇప్పుడు మాత్రం పాత కాలమే ఉంచి ఇఎంఐని 42,300కి దించమని అడగండి. తేడా 2,700 నిధికి వెళ్లాలి. అడగకపోతే కొన్ని బ్యాంకులు వాటంతటవే కాలం తగ్గిస్తాయి. కుదిరితే ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలోని ఇంటి అప్పు తీసుకోండి. అందులో వేసిన డబ్బుకు వడ్డీ ఆగుతుంది, కావాలన్నప్పుడు వెనక్కీ తీసుకోవచ్చు. రేటు కొంచెం ఎక్కువుండొచ్చు, మీ పరిస్థితిలో అది ఇవ్వాల్సిన ధరే.

ఉద్యోగం పోతే మళ్లీ 2020లోలా మారటోరియం (ఇఎంఐలకు కొన్నాళ్ల విరామం) ఇస్తారన్న ధీమా వద్దు. ఇచ్చినా వడ్డీ ఆగదు. 46 లక్షల మీద 7.75 శాతం లెక్కన ఆరు నెలలకు దాదాపు 1.8 లక్షలు అప్పుకు తోడవుతుంది.

హెల్త్ పాలసీ అసలు మొదట చేయాల్సిన పని. కంపెనీ పాలసీ సాధారణంగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. మీ ముగ్గురికి సొంత ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ) ఇప్పుడే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. కొత్త పాలసీలో ప్రమాదాలు మినహా మొదటి 30 రోజులు కవరేజీ ఉండదు, ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్ల నిరీక్షణ ఉండొచ్చు. అమ్మానాన్నలకు పాలసీ తీసుకుంటే అమ్మగారి షుగరు ప్రపోజల్ ఫారంలో దాచకండి, క్లెయిం తిరస్కరించడానికి అంతకన్నా సులువైన కారణం ఉండదు. గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా కంపెనీనే వ్యక్తిగత పాలసీకి మార్చమని అడగొచ్చు. ఆ దరఖాస్తు కవరేజీ ఆగకముందే పడాలి, అప్పుడు ఇప్పటిదాకా గడిచిన నిరీక్షణ కాలం లెక్కలోకి వచ్చే వీలుంటుంది.

బంగారం గురించి రెండు మాటలు. నగలకు తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ పోతాయి. 2024 ఫిబ్రవరి తర్వాత ప్రభుత్వ గోల్డ్ బాండ్ల కొత్త విడత రాలేదు. కావాలంటే గోల్డ్ ఈటీఎఫ్ (బంగారం ధరతో నడిచే, షేర్లలా కొనే ఫండు), మొత్తం పెట్టుబడిలో పదో వంతు మించకుండా, అదీ అత్యవసర నిధి నిండాకే.

అప్పు మార్పిడికి బ్యాంకు మూడు నెలల పేస్లిప్పులు, ఆరు నెలల స్టేట్‌మెంటు, ఫారం 16 అడుగుతుంది. నోటీసు పీరియడ్‌లో ఉన్నవాళ్ల దరఖాస్తు ముందుకు కదలడం కష్టం. అందుకని ఈ వారమే పాత కంపెనీని ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంటు (అప్పు మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే పత్రం), వాళ్ల దగ్గరున్న దస్తావేజుల జాబితా అడగండి.