మంచు లైన్ల చదువుకి వెళ్తున్న అమ్మలుకి

చి. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. మంచు ప్రాంతాల ట్రాన్స్‌మిషన్ లైన్ల మీద ఎంటెక్ చేస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. తిరుపతి ఎండలో పెరిగిన పిల్లకి ఆ చలి ఎందుకని మీ అమ్మకి బెంగ. నాకు మాత్రం కడుపు నిండినట్టయింది.

ఒక్క మాట గట్టిగా పట్టుకో. అక్కడ లైను నిలిచేదీ కూలేదీ బరువు లెక్కతో. జీబ్రా అనే రకం కండక్టర్, అదే లైను తీగ, మీటరుకి 1.62 కిలోలు తూగుతుంది. దాని చుట్టూ 25 మిల్లీమీటర్ల మందాన మంచు గడ్డకడితే ఇంకో 3.8 కిలోలు ఎక్కుతుంది. మంచు సాంద్రత ఘనపు మీటరుకి 900 కిలోలు పెట్టుకుని నువ్వే వేసి చూడు. 400 మీటర్ల స్పాన్‌కి, అంటే రెండు టవర్ల మధ్య తీగకి, టన్నున్నర అదనం, ఆపైన గాలి! 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్‌లో రోజుల తరబడి గడ్డకట్టే వాన పడి, వందల ఉక్కు టవర్లు వరసగా ఒరిగిపోయాయి. ఒకటి పడితే తీగ పక్కదాన్ని లాగేస్తుంది. ఆ వరసని తెంపడానికి మధ్యమధ్య గట్టి టవర్లు ఎలా పెడతారో శ్రద్ధగా చదువు.

నేను చేసిన తప్పొకటి చెబుతా. రేణిగుంట దగ్గర మే నెల మధ్యాహ్నం తీగ లాగుతున్నాం. నీడలో థర్మామీటరు 41 చూపింది. తీగ వేడిని బట్టి అది ఎంత కిందికి వేలాడాలో చెప్పే సాగ్ చార్టులో ఆ 41 వరస చూసి బిగించేయమన్నాను. తీగేమో ఎండకి చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. తెల్లవారుజామున పోయి చూస్తే ఉండాల్సినదానికంటే పైకి బిగుసుకుపోయి ఉంది. లైన్‌మన్ ముందే గొణిగాడు, నేను వినలేదు. మాకది ఒక పూట వదులు చేసుకునే పని. మైనస్ 40 చూసే చోట ఆ బిగువంతా టవర్ మీదే పడుతుంది.

మట్టి సంగతి మరవకు. సివిల్ వాళ్ల సాయిల్ మెకానిక్స్ క్లాసులో అడిగైనా కూర్చో. నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బితే ఫౌండేషన్‌ని ఏటా కాస్త కాస్త పైకి లేపుతుంది. మనం ఎండాకాలం ఎర్త్ పిట్‌లో, అదే కరెంటుని నేలలోకి దింపే గుంటలో, నాలుగు బిందెలు నీళ్లు పోసి సరిపెట్టుకుంటాం. అక్కడ ఆ నీళ్లే గడ్డకట్టి మట్టి రెసిస్టివిటీ, అంటే కరెంటుని అడ్డుకునే గుణం, ఎన్నో రెట్లు పెరుగుతుంది.

కెనడా కంటే ముందు మన శ్రీనగర్–లేహ్ 220 కేవీ లైను చూడు. 2019 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు, 330 కిలోమీటర్లు దాటి ఉంటుంది. అంత ఎత్తులో గాలి పలచన, కరెంటుని ఆపే శక్తి దానికి తక్కువ, అందుకే ఇన్సులేటర్లూ, తీగ చుట్టూ వదిలే ఖాళీలూ (క్లియరెన్సులు) పెంచాలి. సెలవుల్లో నెలరోజులు ఆ పక్క ట్రైనింగ్ దొరుకుతుందేమో ఇప్పుడే అడిగి పెట్టుకో.

ముందుగా ఒక స్పాన్ తీసుకుని సాగ్, టెన్షన్ చేత్తోనే లెక్క వెయ్యి. మైనస్ 40కి ఒకటి, సున్నా దగ్గర మంచు బరువుతో ఒకటి, 30కి ఒకటి. సాఫ్ట్‌వేర్ తర్వాత. ఆదివారం ఆ కాగితాలు తీసుకుని ఇంటికి రా. నా పాత చార్టులు అటక మీంచి దింపి పెడతాను.

మీ పెదనాన్న