మూడు సెకన్ల కోసం పర్సనల్ లోనా?

ప్రశ్న: వయసు 36. కూకట్‌పల్లిలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేతికి నెలకు 1.6 లక్షలు వస్తుంది, హోమ్ లోన్ ఈఎంఐ 58,000. 2022లో బోనస్ డబ్బుతో 4.2 లక్షలు పెట్టి స్విస్ ఆటోమేటిక్ వాచీ కొన్నాను. స్టీలుదే, క్రోనోమీటర్ సర్టిఫికెట్ కూడా ఉంది. అయినా రోజుకు 5 సెకన్లు ముందుకు నడుస్తోంది. మా ఆవిడ 1,500 రూపాయల క్వార్ట్జ్ వాచీ మాత్రం సరిగ్గా ఉంటోంది. నాది 2.5 లక్షలకు ఎక్స్ఛేంజ్ చేసి, మిగతాది పర్సనల్ లోన్ తీసుకుని, రోజుకు 2 సెకన్లకు మించి తేడా రాదని చెప్పే 12 లక్షల వాచీ కొనాలనుకుంటున్నాను. పెట్టుబడిగా కూడా పనికొస్తుందంటున్నారు. సేవింగ్స్ లక్షన్నర ఉన్నాయి.

జవాబు: మీ వాచీ బాగానే ఉందండీ. క్రోనోమీటర్ అని స్విట్జర్లాండ్‌లో ముద్ర వేసే సంస్థ కాస్క్. వాచీ లోపలి యంత్రాన్ని 15 రోజులపాటు, 5 భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు, ఈ మధ్యలో ఉంటే పాస్. మీది 5. రోజుకు 86,400 సెకన్లు కదా, అందులో 5 అంటే నూటికి 0.006 వంతు కూడా కాదు. స్ప్రింగు, చక్రాలు, సన్నటి నూనె చుక్కలతో నడిచే వస్తువుకు అది గొప్పే.

ఇక మీ ఆవిడ వాచీ. అది బ్యాటరీతో నడుస్తుంది, అందులోని క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మామూలు రకానికే నెలకు 15 సెకన్ల కంటే పెద్ద తేడా రాదు. మీరు కొనబోయేది రోజుకు 2 సెకన్లు తప్పినా నెలకు నిమిషం. అంటే 12 లక్షలు పోసినా ఇంట్లో పందెం ఆవిడే గెలుస్తారు! మా నాన్నగారు హెచ్‌ఎంటీకి రోజూ పొద్దున రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలయ్యే వేళకు కీ ఇచ్చి, ముళ్లు సరిచేసుకునేవారు. అది ఎన్ని సెకన్లు తప్పుతోందో ఆయన ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

లోన్ లెక్క చూద్దాం. 9.5 లక్షలు, 14 శాతం, మూడేళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 32,500. వడ్డీయే 2.2 లక్షలు. హోమ్ లోన్‌తో కలిపి జీతంలో సగానికి పైగా వాయిదాలకే. చేతిలో ఉన్న లక్షన్నర ఇంటి ఖర్చు కాకుండా హోమ్ లోన్ మూడు వాయిదాలకు కూడా చాలదు. రేపు ఉద్యోగం పోతే వాచీ చూసుకుంటూ కూర్చోలేం కదా. 10 లక్షలు దాటిన వాచీ మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా తీసుకునే పన్ను) కూడా వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కాబట్టి దాని గురించి టెన్షన్ వద్దు.

పెట్టుబడి మాట ఎవరన్నారో గానీ, 4.2 లక్షల వాచీకి మీకు పలికిన ధర 2.5 లక్షలు. జవాబు అక్కడే ఉంది. కొన్ని మోడళ్లకు సెకండ్ హ్యాండ్‌లో షోరూమ్ కంటే ఎక్కువ పలికిన మాట నిజమే. 2022 మొదట్లో ఆకాశానికెక్కిన ఆ ధరలు తర్వాత బాగా దిగాయి. మామూలుగా సొంతానికి వాడుకునే స్టీలు వాచీని లాభానికి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. నష్టమొస్తే దాన్ని ఇంకో లాభంలోంచి తీసేయడానికీ ఉండదు. బంగారం, వజ్రాలు ఉన్నవైతే ఆడిటర్‌ని అడగాల్సిందే.

నా అనుమానం ఒకటి చెప్పనా? మీకు కొత్త వాచీ మీద మనసు పడింది, సెకన్లు సాకు. మనసు పడటం తప్పేం కాదు, నాకూ ఆ పిచ్చి కొంచెం ఉంది. అయితే ముందు ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు పోగేయండి. ఆ తర్వాత అదే 32,500 నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, ఆరున్నర శాతం వడ్డీకి 28, 29 నెలల్లో 9.5 లక్షలవుతుంది. లోన్ తీరే గడువు కంటే ముందే. అప్పటికీ ఆశ అలాగే ఉంటే కొనుక్కోండి.

ఇప్పుడున్న దానికి సర్వీసింగ్ కూడా అప్పుడే వద్దు. స్విస్ వాచీ పూర్తి సర్వీస్ అంటే పదుల వేలు. అందుకని నెలకు ఒక 500 వేరుగా వేసుకుంటూ ఉండండి. బిల్లు, వారంటీ కార్డు, డబ్బా పారేయకండి, అమ్మేటప్పుడు వాటికీ విలువుంటుంది.

రెండు వారాలు రోజూ ఒకే వేళకు ఫోన్ టైమ్‌తో పోల్చి తేడా రాసుకోండి. రాత్రి తీసి పెట్టేటప్పుడు ఒకరోజు డయల్ పైకి, ఇంకో రోజు పక్కకు పెట్టి చూడండి. భంగిమ మారితే వేగం మారుతుంది. పగలు పెరిగిన సెకన్లు రాత్రికి తగ్గే భంగిమ ఒకటి దొరకొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. ఉన్నట్టుండి రోజుకు అర నిమిషమో, నిమిషమో పరుగెత్తితే మాత్రం స్పీకరు దగ్గరో, అయస్కాంతం ఉన్న ట్యాబ్ కవరు మీదో పెట్టారేమో గుర్తు చేసుకోండి. ఆ అయస్కాంతం వదిలించడం ఏ మంచి వాచ్ మెకానిక్‌కైనా నిమిషాల పని. అయస్కాంతం వల్ల కాకుండానే తేడా రోజుకు 15 సెకన్లు దాటుతూ ఉంటే ఆ లెక్క నాకు పంపండి, సర్వీసింగ్ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.