నీలం టిక్కులు పడుతున్నాయి, జవాబు రావడం లేదు

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. మాది కావలి దగ్గర పల్లె. నలభై ఏళ్లు పౌరాణిక నాటకాల్లో హాస్యపాత్రలు వేశాను. పోయిన వేసవిలో తెలుగు సంఘం వాళ్లు పిలిస్తే అమెరికాలో నాలుగు ఊళ్లలో ఆడి వచ్చాం. ఆ తర్వాత రంగు మానేశాను. అక్కడి స్నేహితులు నన్ను వాట్సాప్ గ్రూపులో చేర్చారు. కొత్తలో ఏం పంపినా వరసగా నవ్వు బొమ్మలు పడేవి. ఇప్పుడు నీలం టిక్కులే. డల్లాస్‌లో పన్నెండు రోజులు నాకు అన్నం పెట్టిన అమ్మాయి, ఒంగోలులో వాళ్ల నాన్నకు పక్షవాతం వచ్చిందని గ్రూపులో రాసింది. ధైర్యంగా ఉంటుందని నక్షత్రకుడి గొంతుతో వాయిస్ పంపాను. దానికీ జవాబు లేదు. మావాడేమో ‘వాళ్లను విసిగించకు నాన్నా’ అంటాడు. గ్రూపులోంచి వచ్చేయనా? ఏంది సామీ ఇది?

జవాబు: అయ్యా, గ్రూపు సంగతి తర్వాత. వాయిస్ దగ్గర నేను ఆగిపోయాను. మీరు దాన్ని దారిన పోయే మాటలాగా చెప్పి వదిలేశారు గానీ, ముడి అక్కడే ఉంది.

కన్నతండ్రికి కాలూ చెయ్యీ పడిపోయి, తను సముద్రాల అవతల ఉండి, రాత్రుళ్లు నిద్ర లేక ఫోను పట్టుకుని కూర్చున్న పిల్లకు నక్షత్రకుడు వినిపించాడు. మీ మనసు మంచిదే, కాదనను. కష్టం వచ్చినప్పుడు మీ చేతికి ముందు అందేది ఆ గొంతే. కానీ ఆమె ఆ రోజు బాబాయ్ కోసం చూసింది, వేషం కోసం కాదు. కోపం వచ్చి ఊరుకుందని నేననుకోను. నవ్వు బొమ్మ పెట్టలేక, ‘ఇదేంటి బాబాయ్’ అనలేక వదిలేసి ఉంటుంది.

ఈ రోజే ఆమెకు విడిగా రాయండి, గ్రూపులో వద్దు. ‘అమ్మా, ఆ రోజు నేను వేషం వేశాను, తప్పయింది. ఇక్కడ రైలెక్కితే గంట, గంటంపావులో ఒంగోలు. నాన్నగారిని చూసి రమ్మంటావా?’ ఇంతే. ఆమె రమ్మంటేనే వెళ్లండి.

వెళ్తే అరగంటకు మించి కూర్చోవద్దు. మలై కాజా పొట్లం పట్టుకెళ్లొద్దు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది, ఏం పెట్టాలో ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. మాట ముద్దగా వస్తే మీరు పూర్తి చేయకండి, ఆయన్నే చెప్పనివ్వండి. ఇంకో సంగతి మీకు మరీ అవసరం. కొందరికి ఈ జబ్బు తర్వాత నవ్వూ ఏడుపూ తమ చేతిలో ఉండవు. మీరు మామూలుగా ‘బాగున్నారా’ అన్నా ఆయన భోరుమనవచ్చు, లేదా పకపకా నవ్వవచ్చు. ఆ నవ్వు చూసి జోకు పేలిందనుకుని అందుకోకండి. (మీకు కష్టమేనని తెలుసు.)

ఇక మిగతావాళ్లు. మీరు భోంచేసి రాత్రి తొమ్మిదికి పంపుతారనుకుంటే, డల్లాస్‌లో అప్పుడు పొద్దున పదిన్నర, చలికాలమైతే తొమ్మిదిన్నర. ఆఫీసు మీటింగులో కూర్చుని మీ వాయిస్ ఎవరు వింటారు? మన ఆదివారం ఉదయం వాళ్లకు శనివారం రాత్రి, తీరిక దొరికేది అప్పుడే. అయినా అసలు చిక్కు టైములో లేదు. తిరునాళ్ల స్టేజీ మీద నుంచి మాట్లాడినట్టు అందరికీ కలిపి ఒకే ముక్క విసిరి, నవ్వు కోసం చెవి పెట్టుకుని కూర్చుంటున్నారు. జనంలో ఎవడో ఒకడు వన్స్‌మోర్ అంటాడు గానీ ‘మీ మోకాలు ఎలా ఉంది’ అని అడగడు కదా. వారానికి ఒక్కరికి, వాళ్లింటి సంగతి అడుగుతూ రాయండి. మీరు తిన్న గోంగూర వాళ్ల పెరట్లో ఇంకా పెరుగుతోందా, ఇంగ్లీషు తప్ప రాని పిల్లవాడు మీరు నేర్పిన పద్యం మర్చిపోయాడా, ఇలా. రాశాక రెండు వారాలైనా ఆగండి. అప్పు వసూలుకు హరిశ్చంద్రుడి వెంట పడ్డట్టు జవాబు వెంట పడొద్దు. ఆ వేషం మీకు చెప్పాల్సిన పని లేదు.

గ్రూపులోంచి అలిగి వచ్చేయకండి. మ్యూట్‌లో పెట్టండి చాలు. మ్యూట్ ఎక్కడుందో మీ అబ్బాయిని అడగండి. ‘విసిగించకు’ అని అతను మీ నోరు మూయించడానికి అనలేదు, మీరు పదిసార్లు ఫోను తీసి చూసుకోవడం చూడలేక అన్నట్టుంది.