అమ్మానాన్నల్ని, చిన్నపాపని తీసుకుని ఫిఫీ దీవులకి గ్రూప్ స్పీడ్‌బోటులో వెళ్ళవచ్చా?

మీరు అడిగింది ఇదీ: జూలైలో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవికి వెళ్తున్నారు. వెంట అరవై దాటిన అమ్మానాన్నలు, ఐదేళ్ళ పాప. ఎవరికీ ఈత రాదు. నలభై మందిని ఎక్కించుకుని ఫిఫీ దీవులు తిప్పి సాయంత్రానికి తీసుకొచ్చే గ్రూప్ స్పీడ్‌బోటులో చేరాలా, ఖర్చయినా సొంతంగా ఒక బోటు మాట్లాడుకోవాలా?

ముందే చెప్పేస్తానండి. జూలైలో, ఆ వయసు వాళ్ళతో, స్పీడ్‌బోటు మీద ఫిఫీకి వద్దు. గ్రూపా, సొంతమా అన్నది తర్వాతి మాట. సొంతంగా మాట్లాడుకున్నా అదే సముద్రం, అవే కెరటాలు. ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మా నాన్నగారి నడుము మీదికి తెచ్చుకున్నాక నేర్చుకున్న సంగతి ఇది.

మేము వెళ్ళింది 2023 జూన్‌లో. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ బాబు, అమ్మ, నాన్నగారు. బాబుకి సెలవులు అప్పుడే, పైగా సీజన్ కాదు కాబట్టి హోటళ్ళు చవగ్గా దొరికాయి. ఒక్కొక్కరికి 1,800 బాత్ (థాయ్ డబ్బు) కట్టి ఒక గ్రూప్ టూర్‌లో చేరాం. పొద్దున్నే ఏడింటికి హోటల్ దగ్గరికి వ్యాన్ వచ్చింది. జెట్టీ దగ్గర షెడ్డులో కూర్చోబెట్టి టీ, బిస్కెట్లు, వాంతులు రాకుండా ఒక చిన్న మాత్ర ఇచ్చారు. చేతికి రంగు పట్టీ కట్టారు. చెప్పులన్నీ ఒక బుట్టలో వేయించుకున్నారు, అవి మళ్ళీ సాయంత్రమే చేతికొస్తాయి. మడమ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇది చాలా ఇబ్బంది. నీళ్ళలో వేసుకునే రబ్బరు బూట్లు చేతిసంచిలో విడిగా పెట్టుకోండి, వాటికి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

గైడ్ పది నిమిషాలు మాట్లాడాడు. గర్భిణులు రాకూడదన్నాడు, కోతులకి తిండి పెట్టొద్దన్నాడు, ఈతకి కాళ్ళకి తొడుక్కునే ఫిన్స్ అద్దెకిస్తామన్నాడు. పెద్దవయసు వాళ్ళు బోటులో ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పలేదు. ఆ రోజు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మాకు చాలా బాధ తప్పేది. అడగడం నాకూ తెలియలేదు.

ఈ బోట్లకి ముందుభాగంలో పైకప్పు ఉండదు, చుట్టూ మెత్తటి సీట్లుంటాయి. చూడగానే అందరికీ అక్కడే కూర్చోవాలనిపిస్తుంది. నాన్నగారు రిటైరైన టీచరు, అప్పటికి అరవై ఆరేళ్ళు. ధవళేశ్వరంలో గోదావరి గట్టు మీద పెరిగిన మనిషి, పడవంటే ప్రాణం. "గాలి బాగా తగులుతుందిరా" అంటూ వెళ్ళి అణియం, అంటే పడవ ముందుకొన దగ్గర కూర్చున్నారు. మేము వెనక నీడలో ఉన్నాం.

ఫుకెట్ కొండల చాటు దాటేదాకా సముద్రం బాగానే ఉంది. చాటు దాటిన ఐదు నిమిషాలకి కెరటాలు మొదలయ్యాయి. ఒక పెద్ద కెరటం ఎక్కిన బోటు ముక్కు అమాంతం గాల్లోకి లేచింది. నాన్నగారి రెండు చేతులూ రైలింగ్ మీదే ఉన్నాయి. కానీ ఒళ్ళు సీటు మీంచి జానెడు పైకి లేవడం నేను వెనక నుంచి చూశాను. మరుక్షణం బోటు కిందికి పడింది, దానితో సీటు, ఆ వెంటే ఆయన. దభీమని చప్పుడు. ఆయన అరవలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఎడమ చేత్తో నడుము పట్టుకుని, నోరు తెరిచి ఊపిరి అందుకోవడానికి చూస్తున్నారు. నేను కేకలు వేశాను. మూడు ఔట్‌బోర్డ్ ఇంజన్ల మోతలో సరంగుకి వినపడలేదు. ఈలోపు అలాంటి దెబ్బలు ఇంకో రెండు పడ్డాయి. మధ్యలో కూర్చున్న ఒక కుర్రాడు లేచి చేతులూపితే అప్పుడు బోటు నెమ్మదించింది. ఇద్దరం పట్టుకుని ఆయన్ని వెనక్కి తెచ్చాం.

రెండు రోజులు చూసి ఎక్స్‌రే తీయించాం. ఎముక విరగలేదు, దేవుడి దయ. హైదరాబాద్ వచ్చాక మాత్రం ఆరు వారాలు నడుముకి బెల్టు పెట్టుకున్నారు. ఇలా కూర్చుని ఉండగా కింద నుంచి తగిలే దెబ్బకి వెన్నుపూస నొక్కుకుపోయి చిట్లుతుందని, ఎముకలు గుల్లబారిన వయసులో అది ఇంకా తేలిగ్గా జరుగుతుందని మా ఎముకల డాక్టరుగారు చెప్పారు. దీని వెనక పెద్ద శాస్త్రం ఏమీ లేదండి. వేగం అందుకున్నాక బోటు వెనకభాగం నీటిని అంటిపెట్టుకునే ఉంటుంది, ముక్కు మాత్రం పైకి లేచి పడుతూ ఉంటుంది. పార్కులో పిల్లలు ఎక్కే సీ-సా బల్లకి చివర కూర్చోవడం, ఇరుసు దగ్గర కూర్చోవడం ఒకటి కాదు కదా. మన జాలర్లు వెనకభాగాన్ని అమరం అంటారు. పెద్దవాళ్ళు, పిల్లలు అక్కడే కూర్చోవాలి. ఇంజన్ మోత, కాస్త పెట్రోలు వాసన ఉంటాయి, నీళ్ళు చిందుతాయి. అయినా అక్కడే. మరీ చివర వాసన పడకపోతే రెండు వరసలు ముందుకి రండి, అంతకన్నా ముందుకి వద్దు.

ఇక జూలై ఎందుకు వద్దంటున్నానంటే, అండమాన్ సముద్రం మీద మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలి. మనకి వానలు తెచ్చే గాలే. ఫుకెట్ నుంచి ఫిఫీ సుమారు 45 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఏ చాటూ లేని సముద్రం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా అదే నీళ్ళు అద్దంలా ఉంటాయి. వర్షాకాలంలో ప్రతిరోజూ గరుగ్గా ఉంటుందని కాదు, మధ్యలో మంచి రోజులూ వస్తాయి. కానీ మీరు డబ్బు కట్టిన రోజు ఏ రోజవుతుందో ముందు తెలియదు. వాతావరణం బాగోలేదనుకుంటే అక్కడి అధికారులు చిన్న బోట్లని ఆపేస్తారు, అలా ఆపితే దయచేసి ఎవరితోనూ వాదించకండి. 2018 జూలై 5న ఫుకెట్ దగ్గరే గాలివానలో ఒక పర్యాటక పడవ మునిగి 47 మంది ప్రాణాలు పోయాయి.

లైఫ్ జాకెట్ సంగతి విడిగా చెప్పాలి. మాది రాజమండ్రి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలు వెళ్ళే బోటు మునిగిన రోజు మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ సరిగ్గా అన్నం దిగలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ జాకెట్ బకిల్ పెట్టుకోకుండా పడవ ఎక్కరు. ఫుకెట్‌లో జాకెట్లు ఇచ్చారు, బాబుకి మాత్రం పెద్దవాళ్ళదే ఇచ్చారు. పిల్లలకి అలా సరిపెట్టొద్దండి. తొడిగి, బకిల్ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది నీళ్ళలో ఒంటి మీద నిలవదు. మేము అడిగి మార్పించుకున్నాం, లోపల ఎక్కడో అడుగున పిల్లల సైజు ఒకటి దొరికింది. మీ పాపకి ఐదేళ్ళు కాబట్టి సైజు గురించి బుక్ చేసేటప్పుడే అడగండి. కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదైతే ఇంకా మంచిది.

ఇంత చెప్పాక దీవుల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం, ఎందుకంటే అవి నిజంగా చూడాల్సినవి. ఫిఫీ లే అనే చిన్న దీవి చుట్టూ సున్నపురాయి కొండలు నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేస్తాయి. మాయా బే అనే తీరాన్ని జనం తాకిడికి పగడాలు పాడైపోయాయని 2018 జూన్‌లో మూసేసి, 2022 జనవరిలో మళ్ళీ తెరిచారు. ఇప్పుడు బోట్లని ఆ బేలోకి రానివ్వరు, కొండ వెనక వైపు లో సామా అనే ఇంకో బే దగ్గర ఆపి, చెక్కబాట మీద నడిపిస్తారు. అక్కడ ఈత లేదు, ఒడ్డున పాదాలు తడుపుకోవచ్చు, అంతే. ఈత రానివాళ్ళకి ఇది మంచిదే, అందరూ ఒకేలా చూస్తారు. ఏటా ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పూర్తిగా మూసేస్తారు. మేము నిలబడిన చోట మోకాలి లోతు నీళ్ళలో నల్ల మచ్చ రెక్కల చిన్న సొరచేపలు తిరుగుతుంటే మా వాడు పావుగంట కదల్లేదు. అవి తిరిగి వచ్చాయంటే ఆ మూడున్నరేళ్ళ మూత వృథా పోలేదనే నాకు అనిపించింది. నేషనల్ పార్కు టికెట్ మేము వెళ్ళినప్పుడు విదేశీయులకి 400 బాత్, పిల్లలకి 200. టూర్ ధరలో అది కలిపారో లేదో ముందే అడగండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్లు అక్కడి పార్కుల్లో 2021 నుంచి నిషేధం, ఇక్కడి నుంచి పట్టుకెళ్ళే ట్యూబు వెనక ఒకసారి చదవండి. ఎండకి పూర్తి చేతుల చొక్కా అన్నిటికన్నా ఉత్తమం.

వైకింగ్ కేవ్ అనే గుహ దగ్గర బోటు ఒక నిమిషం ఆగుతుంది, లోపలికి రానివ్వరు. కొండపిచ్చుకల్లాంటి పక్షుల గూళ్ళు కోయడానికి కట్టిన వెదురు నిచ్చెనలు బయటికే కనిపిస్తాయి. మంకీ బీచ్‌లో దిగకపోయినా నష్టం లేదు. కోతి కరిస్తే రేబిస్ ఇంజెక్షన్ల కోసం మిగతా సెలవులన్నీ ఆస్పత్రి చుట్టూ తిరగాలి, పాపని ఎత్తుకునే ఉండండి.

మోకాళ్ళ నొప్పులున్న అమ్మగారికి ఇంకో కష్టం నిచ్చెన. పాటు సమయంలో, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, బోటు ఒడ్డు దాకా రాదు. ఇనుప నిచ్చెన దిగి, తొడ లోతు నీళ్ళలో నడిచి వెళ్ళాలి, మళ్ళీ అలాగే ఎక్కాలి. మా అమ్మ నాలుగుసార్లు ఎక్కి దిగింది, ఆ రాత్రి మోకాళ్ళు వాచాయి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పోటుపాట్ల తేడా ఎక్కువ, కాబట్టి ఆ రోజులు తప్పించి బుక్ చేయండి.

భోజనం పెద్ద దీవి ఫిఫీ డాన్‌లో బఫే. మీరు శాకాహారులైతే "వెజ్" అని చెప్పి ఊరుకోకండి, కూరల్లో చేపసాస్ పోస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. "జే" అని అడగండి, థాయ్‌లో ఆ మాటకి మాంసం, చేప, గుడ్డు ఏవీ లేని తిండి అని అర్థం. పసుపు జెండా మీద ఎర్రక్షరంతో కొన్ని హోటళ్ళ ముందు కనిపించేది అదే. మా అమ్మకి నేను పొద్దున్నే పులిహోర కలిపించి డబ్బాలో తీసుకెళ్ళాను, అది వాసన రాదు, పాడవదు, పైగా ఆ పులుపుకి వికారం కూడా తగ్గిందంది. జెట్టీ దగ్గర ఇచ్చే మాత్ర ఏమిటో మీకు తెలియదు. బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళుంటే ఇక్కడే మీ డాక్టర్ని అడిగి అవోమిన్ లాంటి వాంతుల మాత్ర తీసుకెళ్ళి, బయల్దేరడానికి గంట ముందు వేయండి. బోటు ఎక్కాక వేస్తే పెద్దగా పనిచేయదు.

మరి జూలైలో వెళ్ళి ఏం చేయాలి? మాకు అదే వారంలో సమాధానం దొరికింది. నాన్నగారి దగ్గర మా ఆవిడ ఉండిపోతే, మూడో రోజు నేను, అమ్మ, బాబు ఫాంగ్ ఙా బేకి పెద్ద పడవ మీద వెళ్ళాం. మొదట నాకు చాలా టెన్షన్‌గా ఉంది. కానీ అది ఫుకెట్‌కి ఈశాన్యాన, భూమికి, దీవికి మధ్య ఉన్న నీళ్ళు. నైరుతి గాలికి ఫుకెట్ దీవే అడ్డు గోడ. బయట అంత కెరటం ఉన్న వారంలో అక్కడ ధవళేశ్వరం బ్యారేజీ పైన గోదావరిలా ఉంది. పెద్ద పడవ మెల్లగా వెళ్తుంది, బాత్రూం ఉంటుంది, లేచి నడవచ్చు. గుహల దగ్గర చిన్న రబ్బరు పడవలోకి మారుస్తారు, తెడ్డు వాళ్ళే వేస్తారు. కప్పు కిందికి ఉన్నచోట వెల్లకిలా పడుకోమంటారు, మా అమ్మ ముక్కుకి జానెడు దూరంలో రాయి జారిపోతుంటే చీకట్లో గోవిందా గోవిందా అనుకుంటూనే ఉంది. అవతల బయటికి వస్తే నాలుగు వైపులా కొండలు, మధ్యలో మడుగు, పైన ఆకాశం. అమ్మ ఇప్పటికీ ఊళ్ళో అందరికీ చెప్పేది ఫిఫీ గురించి కాదు, ఆ మడుగు గురించే. నీళ్ళ మీద స్తంభాల మీద కట్టిన పన్యీ అనే ముస్లిం జాలర్ల ఊరు కూడా ఆ దారిలోనే.

ఫిఫీ చూడకుండా రాలేమంటే, ఫుకెట్‌లోని రస్సాడా రేవు నుంచి పెద్ద ఫెర్రీ ఉంది, సుమారు రెండు గంటలు. వర్షాకాలంలో అదీ ఊగుతుంది, కానీ స్పీడ్‌బోటులా ఎత్తి కుదేయదు. నేను 2025 ఫిబ్రవరిలో స్నేహితులతో మళ్ళీ వెళ్ళినప్పుడు కావాలనే స్పీడ్‌బోటు ఎక్కాను. అమరం వైపు కూర్చున్నాను, గంటలోపే చేరాం, చేతిలో టీ కప్పు తొణకలేదు. అదే బోటు, అదే దారి.

ఇక మీ రెండో ప్రశ్న. తేదీలు డిసెంబరు తర్వాతకి మార్చుకోగలిగితే గ్రూప్ బోటే చాలు, సొంత స్పీడ్‌బోటుకి రోజుకి వేల బాత్‌లు పోయనక్కర్లేదు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: పెద్దవాళ్ళకి వెనక సీట్లు ముందే రాసిపెడతారా, పిల్లల జాకెట్ ఉందా, వాతావరణం వల్ల ఆగిపోతే డబ్బు వెనక్కిస్తారా. జెట్టీలో మీ రంగు పట్టీ వాళ్ళని పిలిచే వేళకి గేటు దగ్గరే నిలబడి మీ వాళ్ళని ముందుగా ఎక్కించండి, వెనక సీట్లు అప్పుడే దొరుకుతాయి. నాన్నగారు "నేను ముందు కూర్చుంటా" అంటే ఒప్పుకోకండి. కోపగించుకున్నా సరే.