మామునూరు–హైదరాబాద్ విమానం గిట్టుబాటవుతుందా?

వరంగల్ పక్కనున్న మామునూరు ఎయిర్‌పోర్టు నుంచి హైదరాబాద్‌కు విమానం వేస్తే లాభమా నష్టమా, కంపెనీలు ఎట్ల లెక్కగడతాయి అని అడిగారు. మాది హన్మకొండ. ఒక ఎయిర్‌లైన్‌లో రూట్ ప్లానింగ్‌లో ఆరేళ్లు చేశాను.

ఖర్చు సంగతి ముందు. ఫ్లైట్ ఆపితే ఇంధనం, ల్యాండింగ్ చార్జీల ఖర్చు తప్పుతుంది. విమానం లీజు, పైలట్ల జీతాలు, హెడ్డాఫీసు ఖర్చు మాత్రం ఆపినా తప్పవు. కొత్తలో నేను ఇవన్నీ కలిపి ఒక్కో ఫ్లైట్‌కు పంచిన లెక్కల షీటు పట్టుకుని, నష్టమంటూ ఓ చిన్న ఊరి సర్వీసు తీసేయించాను. దాని వంతు లీజు మిగతా వాటి మీద పడి, మరుసటి నెల షీటులో ఇంకో రెండు ఫ్లైట్లు నష్టంలో తేలాయి! అప్పటిదాకా అవి బాగానే ఉన్నాయి.

అసలు తలనొప్పి ఆదాయంతోనే. వరంగల్ నుంచి హైదరాబాద్ మీదుగా ఢిల్లీకి టికెట్ 6,000 అనుకోండి. దూరాన్ని బట్టి పంచితే మామునూరు ముక్కకు వచ్చేది 600 చిల్లర. బస్సు కండక్టర్‌గా చేసిన మా బాపు ఎప్పుడూ అనేవాడు: "పల్లె బస్సుల కలెక్షన్ ఉండదు బిడ్డా, కానీ అండ్ల దిగినోళ్లే హైదరాబాద్ బస్సు నింపుతరు. అది ఎస్సార్‌ల కనబడది." ఎస్సార్ అంటే కండక్టర్ రాసే కలెక్షన్ షీటు. అందుకే అన్ని ఫ్లైట్లనూ కలిపి చూసే నెట్‌వర్క్ లెక్కలో ఆ 6,000 మొత్తం చిన్న ఫ్లైట్ ఖాతాలో వేసి, ఢిల్లీ దాకా మోసినందుకు అదనంగా అయ్యే ఖర్చు తీసేసి కూడా చూస్తారు. ఢిల్లీ ఫ్లైట్ ఎట్లాగూ నిండేదైతే, మనవాడి వల్ల సీటు దొరకనివాడి టికెట్ డబ్బులు కూడా తీసేయాలి.

కానీ మన దగ్గర ఈ లెక్క కూడా మోసమే. మామునూరులో విమానం లేకపోతే అతను ఢిల్లీ పోవడం మానుకోడు. మూడు గంటలు కారులో శంషాబాద్ పోయి, బహుశా అదే ఢిల్లీ ఫ్లైట్ ఎక్కుతాడు. అంటే మన ఫ్లైట్ కొత్తగా తెచ్చింది మళ్లీ ఆ 600 దగ్గరికే వస్తుంది. హైదరాబాద్ రూటు మీద నాకు నమ్మకం లేనిది అందుకే. డెబ్బై చిల్లర సీట్ల ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానాన్ని నేరుగా బెంగళూరుకో తిరుపతికో వేస్తే కథ వేరు, శంషాబాద్ ప్రయాణం తప్పుతుంది కాబట్టి డబ్బు పెడతారు. అయినా ప్లానర్ ఇంకోటి అడుగుతాడు: అవే గంటల్లో ఆ విమానం వేరే ఊళ్ల మధ్య తిరిగితే ఎక్కువ రాదా?

చిన్న ఊళ్ల విమానాలకు కేంద్రం సాయం చేసే ఉడాన్ పథకం కింద వస్తే కొన్నేళ్లు సబ్సిడీ ఉంటుంది. నేనైతే అది అయిపోయిన మరుసటి ఏడాది షీటు అడుగుతాను.