ముందు మీరెక్కండి, విల్లు తర్వాత

ఈసారి విలువిద్య మీద మూడు ఉత్తరాలు వచ్చాయి, మూడూ బెంగళూరు నుంచే. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్‌లో ఉంటాను, ఐటీ ఉద్యోగం. కాంపౌండ్ బో (రెండు కొసల్లో చక్రాలుండే విల్లు) నేర్చుకుంటున్నాను. అక్టోబర్‌లో టెక్సస్‌లోని మా బావగారింటికి వెళ్తున్నాను. అక్కడ పైన్ అడవుల్లో విల్లుతో జింకల వేటకు తీసుకెళ్తానంటున్నారు. చెట్టుకు బిగించుకుని కూర్చునే ట్రీస్టాండ్ కూడా ఎవరిది వాళ్లే మోసుకోవాలట. విల్లు, బాణాలు, స్టాండ్ అన్నీ ఒక్కడినే ఎలా మోయాలి? ఇక్కడి నుంచి ఏం పట్టుకెళ్లాలి? కనకపుర దగ్గర మా తోటలో అడవి పందుల బెడద ఉంది, వచ్చేటప్పుడు ఒక స్టాండ్ తెచ్చుకుంటే పనికొస్తుందా?

జవాబు: మీరు చివర్లో అడిగిందే అసలు ప్రమాదం, అందుకే ముందు దాని సంగతి. స్టాండ్ తెచ్చుకోండి, దానిమీద కూర్చుని పిట్టల్ని చూసుకోండి, ఎవరూ ఏమీ అనరు. పందుల కోసమైతే మాత్రం వద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నేరం. తోట మీదే, పంట మీదే, అయినా పంది మీది కాదు. బాణం తగలకపోయినా సరే, ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తుంది. ఆ చట్టంలో ఆయుధాలంటే తుపాకులు ఒక్కటే కాదు, విల్లు, బాణాల్ని కూడా పేరుపెట్టి రాశారు. మీ తోటకు వెళ్లే దారి బన్నేరుఘట్ట అడవి పక్క నుంచి కదా, రాతపూర్వక అనుమతి లేకుండా విల్లుతో నేషనల్ పార్కు లోపల అడుగుపెట్టడమే తప్పు. పంట పోతే అటవీశాఖకు పరిహారం కోసం దరఖాస్తు పెట్టుకోండి. పందుల్ని తొలగించాలంటే అనుమతి ఇవ్వాల్సింది ఆ శాఖ అధికారులే, మనంతట మనం నిర్ణయించుకునేది కాదు.

ఇక ప్రయాణం. స్టాండ్ ఇక్కడి నుంచి మోసుకెళ్లే ఆలోచనే వద్దు, బావగారి దగ్గర రెండోది ఉండే ఉంటుంది, లేకపోతే అక్కడే దొరుకుతుంది. విల్లు మాత్రం మీదే పట్టుకెళ్లండి, ఎందుకంటే కాంపౌండ్ బోను మీ చేతి పొడవుకి, మీ బలానికి సరిపోయేలా సెట్ చేసి ఉంటారు, వేరేవాళ్లది లాగితే గురి కుదరదు. గట్టి కేసులో పెట్టి చెక్-ఇన్ లగేజీలో వేయాలి, విల్లూ బాణాలూ క్యాబిన్‌లోకి రానివ్వరు. బ్లేడ్లున్న బ్రాడ్‌హెడ్ మొనల్ని బాణాల నుంచి విప్పి వేరే డబ్బాలో పెట్టి అదీ చెక్-ఇన్‌లోనే వేయండి. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఎకానమీ బ్యాగుకి 23 కిలోలు, పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటకూడదు. కేసు పొడవుగా ఉంటుంది కాబట్టి టికెట్ కొన్నప్పుడే అడిగి ఉంచుకోండి, దేవనహళ్లి ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర వాదించడానికి టైం ఉండదు. ఇంకో మాట, చాలామందికి తెలియదు: వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ వాళ్లకి విల్లు, దాన్ని కొన్న బిల్లు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే, తిరిగొచ్చినప్పుడు అది అమెరికాలో కొన్నదేమో అన్న ప్రశ్న రాదు.

టెక్సస్‌లో బయటి నుంచి వచ్చినవాళ్లకు నాన్-రెసిడెంట్ లైసెన్స్ కావాలి, విల్లు సీజన్‌లో వేటాడాలంటే దానిమీద ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లు వేటకు అదనపు అనుమతి) కూడా ఉండాలి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి, ఐటీలో ఉన్నానంటున్నారు కాబట్టి మీరు ఆ లెక్కలోకే వస్తారనుకుంటా. ఇది ముందే చూసుకోండి.

ఇప్పుడు మోత. పైన్ చెట్లు నిటారుగా, కింద కొమ్మల్లేకుండా ఉంటాయి కాబట్టి బావగారు క్లైంబర్ రకం స్టాండే ఇస్తారని నా అంచనా. అది రెండు ముక్కలుగా ఉంటుంది, పైదాన్ని చేతుల్తో ఎత్తి బిగించి, దానిమీద బరువు వేసి, కిందిదాన్ని పాదాలతో పైకి లాక్కుంటూ ఎక్కాలి. మన ఊళ్లో గీత కార్మికుడు మోకు వేసుకుని తాడిచెట్టెక్కినట్టే, కాకపోతే ఇక్కడ కూర్చోవడానికి సీటుంటుంది. బరువు సుమారు 9 నుంచి 12 కిలోలు. మడిచి వీపుకి తగిలించుకుంటారు. ఆ బరువు భుజాల మీద వేలాడకూడదు, నడుము బెల్టు బిగించి తుంటి మీదికి తెచ్చుకోండి, స్టాండు వీపుకి అంటిపెట్టుకుని ఉండేలా పట్టీలు లాగండి. ఇనప ముక్కలు ఒకదానికొకటి తగిలి టింగుమన్నాయంటే అడవంతా మీరొచ్చినట్టు తెలిసిపోతుంది. కదిలే చోట్ల గుడ్డ చుట్టి టేపు వేయండి, ఇంట్లోనే తగిలించుకుని హాల్లో నాలుగడుగులు వేసి విని చూడండి. చలి అని మందపాటి జాకెట్ వేసుకుని నడిస్తే చెమట పడుతుంది, జింకకు వాసన మహా బాగా తెలుసు, పైగా కూర్చున్నాక ఆ తడికి వణికిపోతారు. జాకెట్‌ని స్టాండుకే కట్టేసి పైకెక్కాక వేసుకోండి.

విల్లు చేతిలో పట్టుకుని నడవొచ్చు. బాణాలన్నీ పొదిలోనే ఉండాలి, బ్లేడ్ల మీద పొది టోపీ పూర్తిగా కప్పి ఉండాలి. చీకట్లో నడుస్తూ నారికి బాణం తగిలించి పెట్టుకోవడం ధైర్యం కాదు, వేరు తట్టుకుని పడితే ఆ మొన ఎటు తిరుగుతుందో చెప్పలేం.

చెట్టు దగ్గరికి చేరాక మాత్రం విల్లు మీతో పైకి రాకూడదు. చాలామంది పడేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడే. విల్లుని భుజానికి వేసుకుని ఎక్కితే జారినప్పుడు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండదు, పడితే బ్లేడ్ల మీదే పడతారు. కాబట్టి ఒక తాడు, 25, 30 అడుగులది, ఒక కొస స్టాండుకి కట్టండి (మీ నడుముకో మణికట్టుకో కాదు), రెండో కొస కింద విల్లుకి కట్టి, మీరు ఎక్కే వైపు కాకుండా చెట్టుకి అవతలి పక్కన పెట్టండి. పైన కూర్చుని, హార్నెస్ (ఒంటికి వేసుకునే భద్రతా పట్టీలు) చెట్టుకి తగిలించే ఉందని చూసుకుని, అప్పుడు మెల్లగా లాక్కోండి. దిగేటప్పుడు ఇదే వెనక్కి, ముందు విల్లు, తర్వాత మీరు.

హార్నెస్ అంటే ఒళ్లంతా పట్టి ఉంచేది, నడుముకి కట్టే ఒట్టి బెల్టు కాదు, దానికి వేలాడితే ఊపిరాడదు. నేలమీద ఉన్నప్పుడే వేసుకుని, దాని పట్టీని చెట్టు చుట్టూ తగిలించి, ఎక్కుతున్నకొద్దీ పైకి జరుపుకుంటూ పోవాలి. కూర్చున్నాక ఆ పట్టీ తలకంటే ఎత్తులో, పెద్దగా వదులు లేకుండా ఉంటే పడినా జానెడు దూరమే పడతారు. పడి వేలాడుతూ కదలకుండా ఉండిపోతే రక్తం కాళ్లలోకి దిగిపోయి స్పృహ తప్పొచ్చు, అందుకే హార్నెస్‌తో వచ్చే చిన్న తాడు ఉచ్చులో కాలు పెట్టి నిలబడడం ఇంటి దగ్గరే, రెండడుగుల ఎత్తులో, ప్రాక్టీస్ చేయండి. స్టాండు పై ముక్కనీ కింది ముక్కనీ కలుపుతూ తాడు ఉందో లేదో చూడండి, లేకపోతే పాదాల కింది ముక్క జారిపోయినప్పుడు మీరు పైముక్క పట్టుకుని గాల్లో మిగిలిపోతారు. ఫోన్ బ్యాగులో కాదు, వేలాడుతున్నా చెయ్యి అందే జేబులో ఉండాలి. ఎత్తు 15, 20 అడుగులు చాలు. బావగారు ‘నేనెప్పుడూ హార్నెస్ వేసుకోలేదు, ఏం కాలేదు’ అంటే, అలాగే బావగారూ అని మీది మీరు వేసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి, రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు) నేర్చుకుంటోంది. కె.ఆర్.పురం నుంచి స్కూటీ మీద దింపుతాను. నాకు కుదరని రోజు మెట్రోలో పంపాలంటే సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారేమోనని టెన్షన్. సామాను ఎలా సర్దాలి?

జవాబు: అమ్మా, మీ అమ్మాయి రికర్వ్ ఎంచుకుని మీకు మేలు చేసింది. అది మూడు ముక్కలుగా విడిపోతుంది, మధ్యలో పిడి ఉండే రైజర్, పైనా కిందా లింబులు, అంటే లాగినప్పుడు వంగే భాగాలు. రైజర్ సాధారణంగా 25 అంగుళాలు, కాబట్టి మొత్తం వీపు బ్యాగులో పడుతుంది. మన విజయవాడ ఆర్చర్లనే చూడండి, బొమ్మదేవర ధీరజ్‌ది రికర్వ్, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టిన జ్యోతి సురేఖది కాంపౌండ్, అది ఇలా విడదీయడానికి వీల్లేదు, పెద్ద కేసు మోయాల్సిందే. లింబులకు వేరే తొడుగులు వేయండి, రైజర్‌తో రాసుకుంటే గీతలు పడతాయి. బాణాలు గొట్టంలో పెట్టి మూత బిగించండి. స్కూటీ మీద ఆ గొట్టం అడ్డంగా పెట్టొద్దు, టిన్ ఫ్యాక్టరీ ట్రాఫిక్‌లో పక్క బండివాడి మోకాలికి తగులుతుంది, బ్యాగుకి నిలువుగా కట్టండి.

మెట్రో సంగతంటారా, ఆయుధాలు, పదునైన వస్తువులు కూడదన్నది నియమం, క్రీడా సామానుని ఎలా చూడాలన్నది ఆ గేటు దగ్గర ఉన్నవాళ్ల చేతిలో ఉంటుంది. బాణాలు క్లబ్బు లాకర్‌లో వదిలి రావడానికి కుదిరితే అంతకంటే సుఖం లేదు. కుదరకపోతే కోచ్ సంతకంతో ఒక లెటర్, స్కూల్ ఐడీ బ్యాగు పై జేబులో ఉంచండి, ఒకసారి మీరు కూడా వెళ్లి స్టేషన్‌లో మాట్లాడి రండి. పిల్లనొక్కదాన్నే మొదటిరోజు పంపకండి.

ప్రశ్న: మారతహళ్లిలో ఆఫీసు. సాయంత్రం ప్రాక్టీస్ కోసం కాంపౌండ్ బోను పొద్దుటి నుంచి కారు డిక్కీలో ఉంచుతాను. ఫర్వాలేదా?

జవాబు: బేస్‌మెంట్ పార్కింగ్ అయితే సరే. ఎండలో అయితే వద్దు, మూసిన కారు వేడికి లింబుల పొరలు విడిపోవచ్చు, నారి సాగి గురి మారిపోతుంది. అంతకన్నా పెద్ద గండం మీ కొలీగ్స్. ‘ఒకసారి లాగి చూస్తా’ అని బాణం లేకుండా లాగి వదిలేస్తారు, ఆ శక్తంతా పోవడానికి దారిలేక విల్లులోకే తిరిగొస్తుంది. అలా జరిగితే మళ్లీ లాగకుండా ముందు దూది ముక్కతో లింబుల్ని పొడవునా తుడవండి, పోగులు ఎక్కడ పట్టుకుంటే అక్కడ పగులుంది. వేలితో మాత్రం తడమొద్దు, పేళ్లు గుచ్చుకుంటాయి. దూదికి ఏమీ తగలకపోయినా క్యాములు (కొసల్లోని చక్రాలు) వంగాయేమో, నారి తెగిందేమో మీ కోచ్‌కి చూపించాకే బాణం పెట్టండి.